ఈసారి మీ నాన్నని తీసుకెళ్లు

ఒరేయ్ అబ్బాయ్,

నీకు కొండలూ అడవులూ తిరిగే సరదా పట్టుకుందని విని, మన వంశంలో ఇన్నాళ్లకి ఒకడికి చదునునేల మీద విసుగు పుట్టిందని నవ్వుకున్నాను. మారేడుమిల్లి వెళ్లావు, అహోబిలం వెళ్లావు, తలకోన జలపాతం కింద తడిసొచ్చావు. మంచిదే. వారమంతా కంప్యూటరు ముందు కూర్చునేవాడికి ఆదివారం నాడైనా కాళ్లకి పని ఉండాలి. నేను వద్దనడానికి రాయడం లేదు. ఒక్క మాట చెబుదామని. వచ్చేసారి పెద్ద కొండ పెట్టుకోకు. తేలికైన దారి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసేంత దూరం చూసుకో. స్నేహితుల్ని ఆ ఒక్క ఆదివారానికి పక్కనపెట్టి మీ నాన్నని వెంటబెట్టుకెళ్లు. వాడొక్కణ్నే.

'ఆయన రాడు పెదనాన్నా' అంటావు. నాకు తెలుసు, నీకంటే ముందు నుంచీ వాణ్ని చూస్తున్నాను. 'అడవిలో ఏముందిరా, చెట్లేగా' అంటాడు. అనడానికి కారణం ఉంది. మన కంకిపాడు చుట్టుపక్కల అడవి అన్నది లేదు. కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855 నాటికి లేచింది. కాలువలు పారాక ఇటువైపు నాగలి తగలని నేల మిగల్లేదు. 1957లో ఆ ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. వరి, చెరకు, మినుము, అరటి. ఖాళీ జాగా కావాలంటే కాలువగట్టు, చెరువుగట్టు, శ్మశానం, అంతే. ఇప్పుడు బందరు రోడ్డు పక్క పొలాల్లో రాళ్లు పాతి ప్లాట్లు వేస్తున్నారు, అది వేరే కథ. మీ నాన్న జీవితమంతా ఈ గట్ల మీద నడిచినవాడు. వాడికి నడక అంటే నీరు ఎటు పోతోందో, తెగులు ఎక్కడ మొదలైందో చూడ్డానికి చేసే పని. పనిలేని నడక వాడికి తెలీదు. పొలం కౌలుకిచ్చిన తర్వాత ఆ పనీ పోయింది. పొద్దున్నే లేస్తాడు, అరుగు మీద కూర్చుంటాడు, నీ పాత ఫోన్లో వీడియోలు చూస్తాడు. డాక్టరు నడవమన్నాడని హైస్కూలు గ్రౌండులో నాలుగు రోజులు తిరిగి మానేశాడు. గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే రావడం వాడికి మహా చిరాకు.

అందుకని ఆరోగ్యం మాట ఎత్తకు. 'షుగర్ తగ్గుతుంది నాన్నా' అన్నావంటే కదలడు. 'నాకు చెట్లు తెలీడం లేదు, ఒకసారి వచ్చి చెప్పు' అను. ఇందులో అబద్ధమేమీ లేదు, నీకు నిజంగానే తెలీవు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ప్రతిదాని కిందా 'పచ్చదనం' అని రాశావు. మీ నాన్న ఆ పచ్చదనాన్ని విడివిడిగా పేర్లు పెట్టి పిలవగలడు.

ఎక్కడికంటావా? దూరం పోనక్కర్లేదు. మన ఊరి నుంచి 40 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా కొండపల్లి అడవి ఉంది. తెల్లారకుండా బయల్దేరితే బెంజి సర్కిల్ దగ్గర రద్దీ ఉండదు. దుర్గ గుడి దగ్గర ఫ్లైఓవర్ ఎక్కి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లిపోవచ్చు. హైదరాబాదు రోడ్డు మీద మరికాస్త ముందుకెళితే మూలపాడు, అక్కడ అటవీశాఖ వాళ్ల సీతాకోకచిలుకల పార్కు, దాని వెనక అడవిలోకి నడకదారి. మీ నాన్నతో మొదటిసారికి ఇది చాలు. ఎక్కుడు తక్కువ, నీడ ఎక్కువ. రెండోసారికి కొండపల్లి కోట పెట్టుకో. రెడ్డిరాజుల కాలం, 14వ శతాబ్దంలో లేచిన కోట అది. పైదాకా కారు వెళ్లే రోడ్డుంది, ఊళ్లోంచి పాత కాలినడక దారీ ఉంది. కాలినడకన ఎక్కండి. మోకాలు మొరాయిస్తే దిగేటప్పుడు ఏదో ఒక బండి దొరకొచ్చు, ఆ ధైర్యం కూడా ఉంటుంది.

రిజర్వు అడవి అంటే మన పెరడు కాదని మాత్రం గుర్తుంచుకో. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడం, మంట పెట్టడం నేరాలు. పార్కు గేటు దగ్గర టిక్కెట్టు తీసుకో, అక్కడి సిబ్బందిని ఏ దారి తెరిచి ఉందో అడుగు, వాళ్లు వద్దన్న వైపు పోకు. ఫోన్లో మ్యాపు చూపిస్తోంది కదా అని కొత్త దారి తొక్కే సరదాలు నీ స్నేహితులతో ఉన్నప్పుడు కూడా వద్దు.

ఇక అసలు సంగతి. ఆ దారిలో మీ నాన్నని ముందు నడవనివ్వు. నువ్వు వెనకుండు. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ముందు నడిచేవాడు వేగం నిర్ణయిస్తాడు. నువ్వు ముందుంటే వాడు నీ అడుగుల్ని అందుకోవాలని చూస్తాడు, ఆయాసం వచ్చినా చెప్పడు. మనింటి మగాళ్లకి అదో జబ్బు. వాడు ముందుంటే నడుస్తూ నడుస్తూ ఆగుతాడు. ఏదో చెట్టు కనిపించి ఆగాడనుకుంటావు, నిజానికి ఊపిరి కోసం ఆగి ఉండొచ్చు. అడక్కు. నువ్వూ ఆ చెట్టునే చూడు.

చూడ్డానికి చాలా ఉంది. చండ్ర కనిపిస్తే వాడు తప్పకుండా బెరడు మీద చెయ్యేస్తాడు. మన ఇంట్లో వడ్లు దంచిన రోకలి చండ్రది. గట్టి కర్ర, చెదలు ముట్టదు. నల్లతుమ్మ నాగలికీ బండిచక్రానికీ పోయేది. తునికి ఆకు బీడీలకని నీకూ తెలుసేమో, దాని పండు తియ్యగా ఉంటుందని తెలుసా? తంగేడు, మోదుగ, రేల, బలుసు, కలివి. మోదుగాకు విస్తట్లో తినని పెళ్లి మా చిన్నప్పుడు లేదు. ఇవన్నీ అప్పుడు బండ్ల మీదో, సంతలోనో కొయ్యగానో ఆకుగానో వచ్చి మన ఇంట్లో పడేవి. చెట్టుగా మేము చూసింది తక్కువ. అందుకే మీ నాన్న మొహం చూడు ఆ రోజు. కొయ్యగా తెలిసినదాన్ని ఆకులతో, పువ్వులతో చూడ్డం వాడికి కొత్త. పేరు చెబుతాడు కానీ అప్పుడప్పుడు ఆకు తెంపి వాసన చూసి 'అవునా కాదా' అని తడబడతాడు. ఆ తడబాటు బాగుంటుంది. నువ్వు ఫోన్ తీసి ఆకు ఫొటో కొట్టి దాని లాటిన్ పేరు చదివి చెప్పే పని పెట్టుకోకు. ఇంటికొచ్చాక వెతుక్కో.

ఒక్క చెట్టు మాత్రం మీరిద్దరూ కలిసి వెతకండి, తెల్లపొణికి. కొండపల్లి బొమ్మలు చేసేది దానితోనే. పెద్ద ఆకు, ఆకు అడుగున తెల్లటి నూగు ఉంటుంది. కర్ర తేలిక, మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. అంత మంచిది కాబట్టే కరువైంది. చెట్టు దొరక్క బొమ్మల కళాకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. మళ్లీ నాటే పనీ జరుగుతోంది. మీకు కనబడకపోవచ్చు. వెతుకుతున్నంతసేపూ దారి తెలీకుండా గడిచిపోతుంది, అదే లాభం.

ఎంతసేపు పడుతుందనే లెక్క నీకు ముందే ఉండాలి. స్కాట్లండులో విలియం నైస్మిత్ అని కొండలెక్కే ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు. చదును మీద గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట కలుపుకోమన్నాడు. ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. 3 కిలోమీటర్ల దారి, 150 మీటర్ల ఎక్కుడు అనుకుందాం. ఆయన లెక్కలో 51 నిమిషాలు. అది ఆయన లాంటి గట్టివాళ్లకి. మన ఎండకి, మీ నాన్న మోకాళ్లకి, చెట్టు దగ్గర ఆగే ఆగుళ్లకి దాన్ని రెండింతలు చెయ్యి. గంటా ముప్పావు. తిరుగు దారికి కూడా అంతే వేసుకో. దిగడం సులువని దాన్ని తగ్గించకు. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాలు. వయసు మళ్లినవాళ్లకి దిగుడే ప్రమాదం. బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. చేతికర్ర ఉంటే సగం భయం పోతుంది. 'ముసలాణ్ని చేశావా' అని కోప్పడతాడు. రెండు కర్రలు తీసుకెళ్లు, ఒకటి నువ్వు పట్టుకో.

ఆరింటికల్లా అక్కడుండి, పదింటికల్లా బయటపడాలి. మాసం చూసుకో. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. వానలకి అడవి కళకళలాడుతుంది, ఎండ ముదరదు. ఫాల్గుణంలో ఆకు రాలుతుంది కానీ మోదుగపూలు చూడొచ్చు. చైత్రం దాటితే ఇక వద్దు. బెజవాడ ఎండలో రాళ్లకొండ ఎక్కడం బుద్ధిమంతుల పని కాదు. ఇంకో మాట, కోతకి ముందు వరిచేలో మినుములు చల్లే వారం అడక్కు. కౌలుకిచ్చినా సరే ఆ వారం వాడి మనసు పొలంలోనే ఉంటుంది, గట్టు మీదకి పోయి కౌలురైతుకి సలహాలు చెబుతూ ఉంటాడు.

సంచిలో ఏం పెట్టాలో నీకు చెప్పక్కర్లేదు కానీ, మీ నాన్నకి కావలసినవి వేరు. షుగర్ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో నడిస్తే కళ్లు తిరుగుతాయి. బయల్దేరేముందు రెండు ఇడ్లీలైనా తిననివ్వు, జేబులో బెల్లం ముక్కో గ్లూకోజు పొట్లమో ఉంచు. బీపీ మాత్రల్లో కొన్ని నీరు తీసేసే రకం ఉంటాయి, వాటి సంగతి మీ డాక్టర్ని ముందే అడుగు. నీళ్లు ఇద్దరికీ నువ్వే మొయ్యి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఒక సీసా. చెప్పులేసుకుని బయల్దేరతాడు, కాన్వాసు బూట్లు ముందే కొనిపెట్టి వారం రోజులు ఇంట్లో తొడిగించి అలవాటు చెయ్యి. కొత్త బూట్లతో కొండకి తీసుకెళ్లావంటే బొబ్బలెక్కి జన్మలో మళ్లీ రాడు.

పాము సంగతి నీకంటే వాడికే బాగా తెలుసు. కట్లపాము, రక్తపింజర మధ్య వ్యవసాయం చేసినవాడు. కొండ మీద రాళ్ల సందుల్లో చిన్న పింజర ఉంటుంది, కంటికి ఆనదు. రాయి మీద కూర్చునేముందు కర్రతో తట్టడం, ఎండుటాకుల్లో చెయ్యి పెట్టకపోవడం, ఇంతే జాగ్రత్త. ఒకవేళ కాటు పడితే మాత్రం వాడి పాత వైద్యాలు వినకు. కట్టు బిగించడం, గాటు పెట్టడం, మంత్రం, పసరు ఏవీ వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, విరుగుడు మందు అక్కడ ఉంటుంది. కోతులకి తిండి పెట్టొద్దని ఇద్దరిలో ఎవరికి చెప్పాలో నాకు తెలీడం లేదు. ఇద్దరూ పెడతారు.

మాటల విషయం చెబుతాను, జాగ్రత్తగా విను. దారిలో పొలం అమ్మకం మాట ఎత్తకు. రోడ్డు పక్క ఎకరం ధర ఎంతుందో, ఎవరు అడిగారో, అమ్మి బెజవాడలో ఫ్లాటు కొంటే ఎంత మిగులుతుందో, ఈ లెక్కలు మీ ఇద్దరి మధ్యా ఇప్పటికే చాలా జరిగాయి. రాజధాని ప్రకటన వచ్చినప్పటి నుంచి ఈ ప్రాంతంలో తండ్రీ కొడుకులు మాట్లాడుకుంటున్నది భూమి గురించే. అందుకే ఇళ్లల్లో మాటలు తగ్గిపోయాయి. అడవిలో వాడే ఎత్తితే విను, జవాబు చెప్పకు. చాలాసేపు ఏమీ మాట్లాడకపోయినా కంగారు పడకు. ఎదురుబొదురుగా కూర్చున్నప్పుడు మౌనం కుదరదు, ముందూ వెనకా నడుస్తున్నప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. కౌజుపిట్ట అరుస్తుంది, ఎక్కడో నెమలి కూస్తుంది. వాడు ఆగి 'అదిగో' అంటాడు. ఆ పూటకి ఆ ఒక్క మాటే కావచ్చు.

నీకు వనభోజనాలు గుర్తొస్తున్నాయేమో. కార్తీకమాసంలో మనవాళ్లూ వెళతారు. బస్సుల్లో జనం, ఉసిరిచెట్టు కింద షామియానా, పులిహోర బకెట్లు, మైకులో పాటలు, రాజకీయ నాయకుడి ఉపన్యాసం, ఆపైన తంబోలా. ఇప్పుడు ఏ కులానికి ఆ కులం వేరే తోట చూసుకుంటోంది. మా నాన్న ఉండగా ఊరంతా ఒక తోటకే వెళ్లిన కార్తీకాలు నేను చూశాను, కాబట్టి నాకిది నచ్చదు, నచ్చదని ఎవరు అడిగినా చెబుతాను. సరే, అది పోనీ. ఆ గుంపులో మీ నాన్న పక్కన నువ్వు కూర్చున్నది ఎప్పుడు? వడ్డించే వరసలో ఎదురుపడటం తప్ప? తోటలో గడిపిన పూట ఎంత గొప్పదైనా పదిమందితో గడిపితే ఒకళ్లతో గడిపినట్టు కాదు. పాటల పెట్టె కూడా కారులోనే వదిలెయ్యి. ఆ అడవిలో మనకంటే ముందు నుంచి ఉంటున్న వాటికి మన సినిమా పాటలతో పనిలేదు.

జపానులో వాళ్ల అటవీశాఖ 1982లో 'షిన్రిన్ యోకు' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. స్నానం చేసినంత తీరిగ్గా అడవిలో ఉండిరమ్మని జనానికి చెప్పడం దాని ఉద్దేశం. ఊరికే చెట్ల మధ్య మెల్లగా తిరిగితే రక్తపోటు కాస్త దిగుతుందనీ, మనసు తేలికపడుతుందనీ ఆ తరవాత అక్కడి వైద్యులు పరిశోధనలు చేసి రాశారు. కొండకొమ్ము చేరాలన్న షరతు వాళ్లు పెట్టలేదు, గమనించావా? నీ చేతి గడియారం అడుగులు లెక్కపెడుతూ ఉంటుంది, పదివేలు కాలేదని మీ నాన్నని పార్కింగు చుట్టూ తిప్పకు. సగం దారిలో 'ఇక చాల్రా' అంటే అక్కడితో చాలు. కోట చూడలేదని నీకు వెలితి అనిపిస్తే వచ్చేవారం నీ స్నేహితులతో వెళ్లి చూసుకో.

మీ అమ్మ సంగతి మరిచాననుకోకు. ఆమెనీ తీసుకెళ్లు, కాకపోతే వేరే ఆదివారం, విడిగా. ముగ్గురూ కలిసి వెళ్తే ఏమవుతుందో నేను చెప్పగలను. తెల్లవారుజామున మూడింటికి లేచి ఆమె పులిహోర కలుపుతుంది, డబ్బాలు సర్దుతుంది, అక్కడికెళ్లి మీ ఇద్దరికీ పెట్టి, డబ్బాలు కడిగి, 'బాగుంది' అనుకుంటూ తిరిగొస్తుంది. వంటింటిని అడవిలోకి మోసుకెళ్లడం తప్ప ఆమెకి ఒరిగేదేమీ ఉండదు. ఆమెతో వెళ్లే రోజు ఇంట్లో పొయ్యి వెలగకూడదు. దారిలో ఎక్కడైనా టిఫిన్ తినండి. మంగళగిరి కొండ మెట్లెక్కి పానకాలస్వామిని చూసొద్దామంటే ఆమె నీకంటే ముందు ఎక్కుతుంది. పోసిన పానకంలో సగమే పుచ్చుకుని సగం వెనక్కిచ్చే స్వామి అంటే ఆమెకి చిన్నప్పటి నుంచీ ఇష్టం. చెట్ల నీడ కావాలంటే మూలపాడుకే తీసుకెళ్లు. దేవుడు కొండ మీద ఉన్నాడంటేనే మన ఆడవాళ్లకి కొండెక్కే వీలు దొరికింది ఇన్నాళ్లూ. దేవుడు లేని కొండకి కూడా ఒకసారి ఊరికే వెళ్లనీ.

మీ నాన్నతో వెళ్లిన రోజు తిరుగు దారిలో కొండపల్లి బొమ్మల కాలనీలో ఆగండి. అరుగుల మీద కూర్చుని పని చేస్తూనే ఉంటారు. పొణికి ముక్కల్ని ఆరబెట్టి, సన్నటి సెగకి కాచి, తడి పోయాక చెక్కుతారు. చేతులు, కాళ్లు, తల విడివిడిగా చేసి చింతగింజల జిగురుతో అతికిస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాడెక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి. మీ నాన్న ఎడ్లబండి దగ్గర ఆగుతాడు. ఇరుసు సరిగ్గా లేదనో, కాడి మరీ పొట్టిగా ఉందనో ఏదో ఒక వంక పెడతాడు, చేసినాయనతో వాదన కూడా పెట్టుకుంటాడు. పెట్టుకోనీ. అయ్యాక ఆ బండి కొను. బేరం ఆడకు, అంత పనికి వాళ్లడిగేది తక్కువే.

కోతలై కుప్పలు పడ్డాక మీ నాన్నకి తీరిక. ఆ తరవాతి ఆదివారం ఖాళీ పెట్టుకో. నేను వాడికి ఏమీ చెప్పలేదు, చెబితే 'అన్నయ్య చెప్పాడు కాబట్టి అడుగుతున్నాడు' అనుకుంటాడు. నువ్వే అడుగు. మొదటిసారి కాదంటాడు. సంక్రాంతిలోపు రెండోసారి కూడా అడుగు.

ఇట్లు,
మీ పెదనాన్న